అమ్మానాన్న ఇండియాలో ఉంటే క్లియరెన్స్ రాదా?

అందరికీ నమస్కారం. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి) కావాలనగానే మన ఇళ్లలో మొదలయ్యే టెన్షన్ ఒకటే. "అమ్మానాన్న ఇండియాలో ఉన్నారు కదా, ఇస్తారా?"

అదొక్కటే కారణంగా తలుపు మూసెయ్యరు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017లో అమల్లోకి వచ్చిన మార్గదర్శకాలు మొత్తం 13. అందులో ‘బి’ విదేశీ ప్రభావం గురించి. విదేశంలో ఉన్న మీ బంధువును అడ్డం పెట్టుకుని మీ మీద ఎవరైనా ఒత్తిడి తేగలరా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. రిటైరైన టీచరు నాన్న వేరు, అక్కడి ప్రభుత్వ నిఘా విభాగంలో పనిచేసే బావమరిది వేరు. మీ ఇల్లు, పిల్లలు, ఇన్నేళ్ల ఉద్యోగం ఇక్కడే అమెరికాలో ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది.

చిక్కంతా క్లియరెన్స్ కోసం మీ వివరాలన్నీ నింపి ఇచ్చే ఎస్‌ఎఫ్-86 ఫారం దగ్గర. తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామల వివరాలు 18వ సెక్షన్‌లో అందరూ రాస్తారు. 19వ సెక్షన్ దగ్గర తడబడతారు. గత ఏడేళ్లలో మీతో గానీ మీ జీవిత భాగస్వామితో గానీ దగ్గరి సంబంధం ఉన్న విదేశీయులందరి గురించీ అది అడుగుతుంది. వారం వారం వాట్సాప్‌లో మాట్లాడే పిన్నికొడుకు, హైదరాబాద్‌లో ఉన్న ఇంజనీరింగ్ స్నేహితుడు అందులోకే వస్తారు. ఊళ్లో మీ పేరున ఉన్న స్థలం, అక్కడి బ్యాంకు ఖాతా 20వ సెక్షన్‌లో రాయాలి.

ఇక్కడే ఎవరో ఒక శ్రేయోభిలాషి "ఎందుకొచ్చిన గొడవ, రాయకు" అంటారు. నాకు బాధ కలిగించేది ఆ సలహాయే. రాసుంటే నాలుగు ప్రశ్నలతో తేలిపోయే విషయం, కావాలని దాచారని తేలితే ‘ఈ’ మార్గదర్శకం కిందికి, అంటే మీ నిజాయితీ మీదికి వెళ్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టే. పైగా తెలిసి తెలిసి ఫెడరల్ ఫారంలో అబద్ధం రాస్తే ఐదేళ్ల వరకూ జైలుశిక్ష పడొచ్చు. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. సందేహం మిగిలితే నిర్ణయం దేశ భద్రత వైపే ఉంటుంది, మీ వైపు కాదు.

ఇప్పటికే ఏదైనా వదిలేసి ఉంటే ఆలస్యం చేయకండి. దర్యాప్తు అధికారి ఆధారం ముందు పెట్టి నిలదీయకముందే మీ అంతట మీరు సరిదిద్దుకుంటే దాన్ని మీకు అనుకూలంగా తీసుకునే వీలు ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. నిలదీశాక ఒప్పుకుంటే ఆ విలువ ఉండదు.

క్లియరెన్స్ వచ్చాక కూడా ఈ పని అయిపోదు. సంక్రాంతికి ఊరెళ్లాలన్నా ముందుగా మీ సెక్యూరిటీ ఆఫీసరుకు తెలియజేయాలి. టికెట్లు బుక్ చేసేముందే ఆ ఈమెయిల్ పంపండి.