నలభై రోజులు ఎప్పుడు మొదలయ్యాయి?

అందరికీ నమస్కారం. అమీర్‌పేటలో నేను కొన్నేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పాను. మా ల్యాబ్‌లో ప్రతి సిస్టమ్‌లోనూ విన్‌రార్ ఉండేది, ఫైళ్లని కుదించి మూటకట్టే ప్రోగ్రామ్. తెరవగానే చిన్న విండో వచ్చేది: మీ 40 రోజుల గడువు అయిపోయింది, కొనండి అని. పిల్లలు చదవకుండానే క్లోజ్ కొట్టేవాళ్లు. ఓ అమ్మాయి మాత్రం చదివి, "సార్, ఈ నలభై రోజులు ఎప్పుడు మొదలయ్యాయి?" అని అడిగింది. ఆ సిస్టమ్ కొని అప్పటికి మూడేళ్లు. "అది ఫ్రీయేనమ్మా, కానివ్వు" అనేశాను.

తప్పు చెప్పాను. అది ఫ్రీ కాదు, షేర్‌వేర్.

ఊళ్లో హరికథ చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దాసుగారు ముందు కథ మొదలుపెడతారు. మధ్యలో హారతి పళ్లెం తిరుగుతుంది. వేసేవాళ్లు వేస్తారు, కొందరికి సరిగ్గా అప్పుడే ఇంట్లో పని గుర్తొస్తుంది. సినిమాకి ఆ వేషాలు కుదరవు, టికెట్ ఉంటేనే లోపలికి. కమర్షియల్ సాఫ్ట్‌వేర్ పుట్టింది సినిమా పద్ధతిలో. డబ్బు ముందు, వాడకం తర్వాత. కాపీ తీసి పక్కవాళ్లకి ఇవ్వకూడదు. షేర్‌వేర్‌లో కాపీ తీసి పంచిపెట్టమని తయారుచేసినవాడే బతిమాలతాడు. నచ్చితే డబ్బు కట్టమంటాడు.

ఇది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన వ్యాపారం కూడా కాదు. అమెరికాలో జిమ్ నాఫ్ అని ఒక ఐబీఎం ఉద్యోగి, చర్చి వాళ్లకి అడ్రస్ లేబుళ్లు ముద్రించడానికి ఓ ప్రోగ్రామ్ రాశాడు. అది స్నేహితులకీ, వాళ్ల స్నేహితులకీ పాకింది. మార్పులు చేసినప్పుడల్లా అందరికీ ఫ్లాపీలు పోస్టు చెయ్యాలంటే చేతి చమురు వదులుతోంది. దాంతో 1982లో ప్రోగ్రామ్‌లోనే ఓ విన్నపం పెట్టాడు: పనికొస్తే 10 డాలర్లు పంపండి, నలుగురికీ కాపీలు ఇవ్వండి అని. అదే పీసీ-ఫైల్. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌కి ఇలాగే 25 డాలర్లు అడుగుతున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిశాక ఇద్దరూ 25కే ఖాయం చేసుకున్నారు. 1984లో నాఫ్ ఐబీఎం ఉద్యోగం మానేశాడు. పళ్లెంలో జీతం కన్నా ఎక్కువ పడుతోంది మరి! నాఫ్ అంటే జర్మన్‌లో బొత్తాం. అందుకే వ్యాపారంలో ఆయన జిమ్ బటన్ అయ్యాడు.

నాకు బాగా నచ్చేది మాత్రం బాబ్ వాలెస్ ఎత్తు. మైక్రోసాఫ్ట్ తొలినాళ్ల ఉద్యోగి. బయటికొచ్చి 1983లో పీసీ-రైట్ అనే వర్డ్ ప్రాసెసర్ పెట్టాడు. షేర్‌వేర్ అనే మాట జనంలోకి వెళ్లింది కూడా ఆయన వల్లే. 75 డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకుంటే మీ కాపీకి ఓ నంబరు వస్తుంది. ఆ కాపీ మీరు ఇంకొకరికి ఇచ్చి, వాళ్లు కూడా కడితే మీకు 25 డాలర్లు వెనక్కి. ముగ్గురు కట్టారంటే మీ సొమ్ము మీకు చేరినట్టే. ఆయన పాత కంపెనీ పెద్ద బిల్ గేట్స్ 1976లో కంప్యూటర్ హాబీ వాళ్లకి బహిరంగ లేఖ రాసి, మీలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ దొంగిలిస్తున్నారని తిట్టాడు. ఒకరికి దొంగగా కనబడ్డవాడే ఇంకొకరికి సేల్స్‌మన్!

కొందరు సగమే పంచారు. 1993 డిసెంబర్‌లో వచ్చిన డూమ్ ఆటలో మూడు భాగాలుంటే మొదటిది ఎంతమందికైనా ఇవ్వచ్చు, మిగతా రెండింటికీ డబ్బు కట్టాలి.

మన దగ్గర కంప్యూటర్ పత్రికలతో సీడీలు వచ్చేవి గుర్తుందా? వాటి నిండా షేర్‌వేరే. ఫుట్‌పాత్ మీద అమ్మే సీడీ కూడా చూడ్డానికి అలాగే ఉండేది. కానీ మొదటిది పంచమని ఇచ్చింది, రెండోది పైరసీ. మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి పైరేటెడ్ ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసం వాడకపోతే కోర్టు జైలు శిక్ష లేకుండా వదిలెయ్యచ్చు. షేర్‌వేర్‌కి కూడా కాపీరైట్ ఉంటుంది, యజమాని ఉంటాడు. కాపీ ఇవ్వనిచ్చాడు కదా అని హక్కులు వదులుకున్నట్టు కాదు. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు రాత, కూడా సాధారణంగా మన చేతికి రాదు, ఆ విషయంలో అది ఆ రాతని అందరికీ ఇచ్చే ఓపెన్ సోర్స్ కంటే కమర్షియల్‌కే దగ్గరి చుట్టం.

ఇప్పుడు పెద్ద కంపెనీలు కూడా నెల రోజులు ట్రయల్ ఇస్తున్నాయి. కానీ గడువు తీరిన రోజు ఠక్కున తాళం పడుతుంది. విన్‌రార్‌కి ఆ తాళం లేదు. 40 రోజులయ్యాక కొనండి, లేదా తీసెయ్యండి అని లైసెన్సులో రాసుంటుంది, అంతే. ఆ విండో అడుగుతూనే ఉంటుంది, మనం మూస్తూనే ఉంటాం.

ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలీదు. జవాబు మాత్రం ఇది: ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి. మా ల్యాబ్‌లో అప్పటికి వెయ్యి రోజులు దాటాయి.