ప్లగ్గు పట్టినంత మాత్రాన ప్రింట్ రాదు: బీబీసీ మైక్రోకి పీసీ ప్రింటర్ కేబుల్

[స్క్రీన్: బోర్లా తిప్పిన బీబీసీ మైక్రో. ముందు అంచు కింద 26 పిన్ల కనెక్టర్, క్లోజప్]

"పీసీ ప్రింటర్ కేబుల్ బీబీసీ మైక్రోకి పట్టింది కదండీ, మరి ప్రింట్ రాదేం?" ఈ ప్రశ్న విని విని చెవులు చిల్లులు పడ్డాయి. అందుకే ఈ వీడియో.

1984లో క్లాస్ ప్రాజెక్టు కింద, అంటే స్కూలు పిల్లలకి కంప్యూటర్ నేర్పే పథకం కింద, మన దేశంలో స్కూళ్లకి వచ్చిన బ్రిటిష్ కంప్యూటర్ ఇదే. ఇప్పుడు అటకల మీంచి ఒక్కొక్కటీ దిగుతున్నాయి. మానిటర్ దొరుకుతుంది, ప్రింటర్ కూడా దొరుకుతుంది. మన వైజాగ్ పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్లలో గీరుగీరుమంటూ బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్‌లు చూస్తూనే ఉంటారు కదా, వాటిలో ప్యారలల్ పోర్టు, అంటే ఎనిమిది డేటా వైర్ల పాత రకం ప్రింటర్ పోర్టు, ఉన్నది ఏదైనా పనికొస్తుంది. దొరకనిది మధ్యలో కేబులే.

ఒక్క మాట ముందే. యూఎస్‌బీ టు ప్యారలల్ కేబుల్ కొనకండి. దాని యూఎస్‌బీ చివర కంప్యూటర్ ఉండాలి, రెండో చివర ప్రింటర్ ఉండాలి. అది వన్‌వే రోడ్డు. అటు ఇటు తిప్పి పెట్టి లాభం లేదు. షాపువాడు "అన్నిటికీ పనిచేస్తుంది సార్" అంటాడు. అనడం వాడి పని.

[స్క్రీన్: పీసీ ఎల్‌పీటీ బ్రాకెట్]

మనకి కావలసింది ఇది. పాత పెంటియం కాలం మదర్‌బోర్డులతో వచ్చిన ఎల్‌పీటీ, అంటే ప్రింటర్ పోర్టు, రేకు బ్రాకెట్. ఒక చివర 26 రంధ్రాల సాకెట్, మధ్యలో రిబ్బన్, ఇంకో చివర 25 రంధ్రాల ప్రింటర్ కనెక్టర్. డాబాగార్డెన్స్ వైపు పాత కంప్యూటర్ సామాను అమ్మేవాళ్ల దగ్గర అడగండి. దానికి మామూలు ప్రింటర్ కేబుల్ తగిలించుకోవచ్చు.

సాకెట్ బీబీసీకి చక్కగా పడుతుంది. మోసమంతా అక్కడే.

ఎంవీపీ కాలనీలో కొరియర్ కుర్రాడిని ఊహించుకోండి. కవరు మీద డోర్ నంబరు 6 అని చూశాడు, సెక్టార్ చూడలేదు. ఇల్లు దొరికింది, తలుపూ తెరిచారు, కానీ మనిషి వేరు. ఈ సాకెట్ కథా అంతే. బీబీసీది ఒక సెక్టారు, పీసీది ఇంకో సెక్టారు. డోర్ నంబర్లు మాత్రం రెండింట్లోనూ 1 నుంచి 26.

[స్క్రీన్: రెండు వీధుల బొమ్మ, పక్కపక్కన]

బేసి నంబర్ల వైపు చూడండి. 1లో స్ట్రోబ్, "ఇదిగో అక్షరం, తీసుకో" అని ప్రింటర్‌కి చెప్పే సిగ్నల్. 3 నుంచి 17 దాకా బేసి ఇళ్లలో ఎనిమిది డేటా లైన్లు. 19లో అక్‌నాలెడ్జ్, "అందింది" అని ప్రింటర్ చెప్పే జవాబు. రెండు సెక్టార్లలోనూ అవే కుటుంబాలు, అదే వరస. ఇంత అదృష్టం ఊరికే దొరకదు, దండం పెట్టుకోండి.

సరి నంబర్ల వైపు కథ మారుతుంది. బీబీసీ సెక్టార్లో అటువైపు 2 నుంచి 24 దాకా అన్నీ ఖాళీ స్థలాలే, అంటే గ్రౌండ్, సున్నా వోల్టుల లైను. పీసీ సెక్టార్లో 10 నుంచి 24 దాకా ఖాళీ స్థలాలే కానీ, మొదటి నాలుగు ఇళ్లలో మనుషులున్నారు. 2లో ఆటోఫీడ్, 4లో ఎర్రర్, 6లో ఇనిట్, 8లో సెలెక్ట్ ఇన్. ఖాళీ స్థలం అనుకుని బీబీసీ ఆ నలుగురి ఇళ్ల మీదా మట్టి పోసేస్తోంది.

6లో ఉన్న ఇనిట్ ప్రింటర్‌ని రీసెట్ చేసే లైను. దాన్ని గ్రౌండ్‌కి లాగి పట్టుకుంటే ప్రింటర్ రీసెట్‌లోంచి బయటికే రాదు. దీపం వెలుగుతుంది, తల కదలదు. మీరేమో కంప్యూటర్ పాడైందని విప్పదీస్తారు! 4లో ఎర్రర్ ప్రింటర్ నుంచి వచ్చే సిగ్నల్. "అంతా బాగుంది" అని ప్రింటర్ ఐదు వోల్టుల వైపు లాగుతుంటే బీబీసీ సున్నాకి గుంజుతుంది. ఆ కుస్తీ మనకెందుకు? 8లో సెలెక్ట్ ఇన్‌కి మాత్రం మట్టి అంటే ఇష్టం. గ్రౌండ్‌లో ఉంటేనే ప్రింటర్ మాట వింటుంది. దాని జోలికి వెళ్లకండి.

కాబట్టి 4, 6 కోయాలి. 21, 23, 25 కూడా కోసేయండి. అవి బిజీ, పేపర్ లేదు లాంటి కబుర్లు. బీబీసీ వాటిని వినదు, అక్‌నాలెడ్జ్ ఒక్కటే చూస్తుంది.

[స్క్రీన్: రిబ్బన్ మీద బ్లేడు, బాగా దగ్గరగా]

ఎర్ర గీత ఉన్నది 1. అక్కణ్ణుంచి లెక్కపెట్టండి, రెండుసార్లు. నాలుగో వైరుకి రెండు పక్కలా ఉన్న గాడిలో బ్లేడు మొన గుచ్చి, పొడవునా రెండు సెంటీమీటర్లు చీల్చండి. వైరు విడిగా పైకి లేస్తుంది. ఊరికే కత్తిరించి వదిలితే చివరలు మళ్లీ తాకుతాయి. అర సెంటీమీటరు ముక్క తీసేసి, చివరలకి టేపు చుట్టండి.

కొన్ని సాకెట్లలో 26వ రంధ్రం ప్లాస్టిక్‌తో మూసి ఉంటుంది, బీబీసీలో అక్కడ పిన్ను ఉంటుంది. బలవంతంగా నొక్కితే పిన్ను వంగుతుంది. గుండుసూది కాల్చి ఆ ప్లాస్టిక్ తీసేయండి. మన సముద్రపు గాలికి పిన్లు పచ్చబడి ఉంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, ఆరాక పెట్టండి.

ప్రింటర్ తగిలించే ముందు ఒక పరీక్ష. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండాలి, బ్రాకెట్ పెట్టి ఉండాలి, మల్టీమీటర్ బీప్‌లో ఉండాలి. ఒక ప్రోబ్ 25 పిన్ల కనెక్టర్లో 18 మీద. రెండోది 15, 16 మీద పెడితే మోగకూడదు. 14, 17 మీద పెడితే మోగాలి. తేడా వస్తే లెక్క తప్పారు.

14 అంటే ఆటోఫీడ్, రిబ్బన్లో 2వ వైరు. దాన్ని కోయలేదేమని అడుగుతారు. బీబీసీ మామూలుగా ప్రింటర్‌కి లైన్‌ఫీడ్, అంటే కాగితం ఒక లైను జరపమనే కోడ్, పంపదు. ఆటోఫీడ్ గ్రౌండ్‌లో ఉంటే లైను అయ్యాక ప్రింటరే కాగితం జరుపుకుంటుంది. 2 కోసేస్తే లైన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి చార అవుతుంది. అప్పుడు లైన్‌ఫీడ్ పంపమని కంప్యూటర్లో *ఎఫ్‌ఎక్స్ 6,0 కమాండ్ కొట్టాలి, మెషిన్ ఆన్ చేసినప్పుడల్లా మళ్లీ కొట్టాలి. అంత ఓపిక నాకు లేదు, అందుకే ఉంచేయమంటాను. లైన్ల మధ్య రెట్టింపు ఖాళీ వస్తే ఎవరో ఆ ఎఫ్‌ఎక్స్ కొట్టి ఉంటారు, లేదా సాఫ్ట్‌వేరే లైన్‌ఫీడ్ పంపుతోంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. రెండూ ఆఫ్ చేసి కేబుల్ పెట్టండి. పవర్ ఉండగా పీకడం, పెట్టడం చేస్తే బఫర్ చిప్ పోతుంది. ముందు ప్రింటర్, తర్వాత కంప్యూటర్ ఆన్. *ఎఫ్‌ఎక్స్ 5,1 అంటే ప్యారలల్. ప్రింటర్‌కి పంపడం మొదలుపెట్టడానికి వీడీయూ 2, ఓ ప్రింట్ లైను, ఆపడానికి వీడీయూ 3.

ఒక అక్షరం పడి ఆగిపోయి, కాసేపటికి కీబోర్డు కూడా బిగుసుకుపోతే 19వ వైరు చూడండి. అక్‌నాలెడ్జ్ రాక 64 బైట్ల ప్రింటర్ బఫర్ నిండిపోయింది. ఎస్కేప్ నొక్కితే వదులుతుంది. అక్షరాలు తప్పుగా పడుతుంటే, అంటే ఒకటి కొడితే ఇంకోటి వస్తుంటే, డేటా వైరు ఏదో తెగింది. 3 నుంచి 17 దాకా బీప్ చూసుకోండి.

[స్క్రీన్: కోయాల్సినవి 4, 6, 21, 23, 25. ఉంచాల్సినవి 2, 8]

స్క్రీన్‌షాట్ తీసుకోండి, బ్లేడు పట్టుకునే ముందే.