600 రూపాయల హ్యామ్‌స్టర్, 8,300 రూపాయల కాపురం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంట్లో హ్యామ్‌స్టర్‌ను, అంటే ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువును, పెంచుకోవాలంటే ఏమేం సమకూర్చుకోవాలి, అందుకు ఎంత ఖర్చవుతుంది అన్నది ఈ రోజు మన విషయం. హనుమకొండలో ఏడాదిన్నరగా హ్యామ్‌స్టర్‌ను పెంచుతున్న ఉపాధ్యాయురాలు ఒకరు మనతో ఉన్నారు. అక్కా, ఈ లెక్క ఎక్కడ మొదలైంది?

అతిథి: మా అమ్మాయి పుట్టినరోజు కోరికతో మొదలైంది, తమ్ముడూ. సిరియన్ రకం హ్యామ్‌స్టర్ 600 రూపాయలు, చిన్న చక్రంతో సహా పంజరం 1,800 రూపాయలు అయ్యాయి. 2,400తో పని ముగిసిందనుకుని ఇంటికి వచ్చాము. మా అత్తమ్మ మాత్రం, "ఎలుకల కోసం బోను పెట్టే ఇంట్లకు పైసలు పెట్టి ఎలుకను తెచ్చిండ్రా?" అన్నారు.

వ్యాఖ్యాత: ఒంటరిగా ఉంటుందేమోనని జంటగా తెచ్చుకోలేదా?

అతిథి: జంటగా తీసుకుపొమ్మని దుకాణదారు గట్టిగానే చెప్పాడు, ఆ ఒక్క మాట వినకపోవడం మా అదృష్టం. సిరియన్ హ్యామ్‌స్టర్లు పెద్దయ్యాక ఒకదాన్నొకటి ఓర్వవు, రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. ఆడ, మగ అయితే చిక్కు మరొకటి, ఎందుకంటే వాటి గర్భకాలం దాదాపు 16 రోజులే. ఇలా అమ్మే దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలని 2018 నాటి నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి, కొనేముందు ఆ పత్రం చూపించమని అడగడంలో తప్పు లేదు.

వ్యాఖ్యాత: మరి ఆ 1,800 రూపాయల పంజరం ఏమైంది?

అతిథి: ఇప్పుడు అందులో ఉల్లిగడ్డలు ఉన్నాయి. అడుగున్నర పొడవైనా లేని ఆ పంజరంలో అది వారం తిరగకముందే రాత్రంతా ఊచలు కొరకసాగింది. చక్రం అయిదు అంగుళాలదే కావడంతో, పరుగెత్తుతున్నప్పుడు దాని వీపు వెనక్కి విల్లులా వంగడం మా అమ్మాయే ముందు గమనించింది. సిరియన్ రకానికి దాదాపు 28 సెంటీమీటర్ల వ్యాసం ఉండి, కాలు ఇరుక్కునే సందులు లేని చక్రం కావాలి. దానికి 1,100 అయింది. తరువాత మా వీధి వడ్రంగితో మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల ప్లైవుడ్ పెట్టె చేయించి, పైన ఇనుప జాలీ బిగించాము. కూలితో కలిపి 3,600 తీసుకున్నాడు.

వ్యాఖ్యాత: పెట్టెలో పరవడానికి ఆ వడ్రంగి దగ్గరి రంపపొట్టు సరిపోదా? ఖర్చు కలిసివచ్చేది కదా.

అతిథి: నేనూ సంచి పట్టుకుని వెళ్లినదాన్నే. రంపపొట్టు దుమ్ము దాని ఊపిరికి మంచిది కాదు. పైన్, దేవదారు చెక్కల ఘాటు వాసన మరింత చేటు. అది నేలలో సొరంగం తవ్వుకుని బతికే జీవి. 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర పొలంలో తవ్వి తీసిన ఒక తల్లి, దాని పిల్లల సంతతే నేడు ఇళ్లలో పెరిగే సిరియన్ హ్యామ్‌స్టర్లలో దాదాపు అన్నీ. అందుకే కాగితంతో చేసిన పరుపును జానెడు లోతున నింపాలి. మొదటిసారి 900 అయింది. నీళ్ల సీసా, మట్టి చిప్ప, దాక్కోవడానికి బోర్లించిన పగిలిన ముంత కలిపి 300. దూది మాత్రం పెట్టకూడదు, దాని పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి.

వ్యాఖ్యాత: అంటే ఇప్పటికే 8,300 అయింది. తిండి సంగతి?

అతిథి: అది లెక్కలోకి రాదు. సజ్జలు, కొర్రలు, జొన్నలు మన అంగట్లో దొరికేవే. వాటితో రోజుకు రెండు చెంచాల గింజలు, చిన్న దోసకాయ ముక్క, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు చాలు. ఉల్లి, వెల్లుల్లి, పుల్లని పండ్లు పెట్టము. గింజలను రెండు బుగ్గల సంచుల్లో కుక్కుకుని, తల శరీరమంత వెడల్పయ్యాక గూటిలోకి వెళ్లి, ముందరి కాళ్లతో బుగ్గలను వెనుక నుంచి నెట్టి కక్కుతుంది. పరుపు, తిండి కలిపి నెలకు 450 దాటదు.

వ్యాఖ్యాత: వరంగల్ ఎండలను అది ఎలా తట్టుకుంది?

అతిథి: అసలు ఖర్చు అక్కడుంది, ఎవరూ ముందుగా చెప్పనిది కూడా అదే. గది వేడి 30 డిగ్రీలు దాటితే దానికి వడదెబ్బ ప్రమాదం ఉంటుంది, మనకేమో మే నెలలో బయట 43, 44 సాధారణం. కూలర్ గాలి నేరుగా తగిలితే పరుపు చెమ్మగిల్లుతుంది. అందుకని మధ్యాహ్నాలు ఏసీ వేశాము. కరెంటు బిల్లు ఆ నెల 1,200 పెరిగింది. కరెంటు పోయిన పూటలకు మా వంటగట్టు పనిలో మిగిలిన కరీంనగర్ గ్రానైట్ ముక్కను పెట్టెలో ఉంచితే, దాని మీద పొట్ట ఆనించి చపాతీలా పరుచుకుని పడుకునేది.

వ్యాఖ్యాత: జబ్బు చేస్తే చూపించడానికి డాక్టర్లు ఉన్నారా?

అతిథి: ఎక్కువమంది పశువులను, కుక్కలను చూసేవారే. హ్యామ్‌స్టర్‌ను చూస్తారో లేదో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడగవచ్చు. విరేచనాలతో తోక కింద తడిసి కనిపిస్తే మరుసటి రోజు వరకు ఆగకూడదు. మేము ఆపదకని 2,000 విడిగా దాచాము. దాని ఆయుష్షు రెండు, మూడేళ్లే కాబట్టి ఆ డబ్బు ఎప్పుడో ఒకప్పుడు తప్పక అవసరమవుతుంది.

వ్యాఖ్యాత: ఊరికి వెళ్లినప్పుడు ఎవరు చూస్తారు?

అతిథి: మేడారం జాతరకు వెళ్లిన మూడు రోజులు అత్తమ్మే చూశారు. తిరిగి వచ్చేసరికి మట్టి చిప్పలో సజ్జలతో పాటు చిటికెడు బెల్లం కూడా ఉంది. తీపి పెట్టవద్దని చెప్పాను కదా అంటే, "అమ్మవారి బంగారం దానికి మాత్రం పెట్టొద్దా?" అన్నారు.