రియోహా తోటల్లో ముసలి తీగలు
(యాత్రాప్రియుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎండను లెక్కచేయకుండా వచ్చిన మీ అందరికీ నమస్కారం. నా గురించి పరిచయంలోనే చాలా చెప్పేశారు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఆహ్వాన పత్రికలో "స్పెయిన్ వైన్ యాత్ర" అని వేశారు. అది చూసి కొందరు మిత్రులు ఫోన్ చేసి, సభలో మందు గురించి మాట్లాడతావా అని అడిగారు. నేను మాట్లాడబోయేది సేద్యం గురించి. స్పెయిన్‌లో 9 లక్షల హెక్టార్లకు పైగా ద్రాక్ష తోటలున్నాయి. ప్రపంచంలో మరే దేశంలోనూ అంత విస్తీర్ణం లేదు. వైన్ తాగని మనిషి కూడా చూసి రావలసిన తోటలవి.

మొదట రియోహా. ఉత్తరాన ఎబ్రో నది పరీవాహకం. అక్కడ ఆరో అనే చిన్న పట్నం ఉంది. వైన్ తయారుచేసే చోటును బోదెగా అంటారు. ఆరోలో పేరున్న బోదెగాలు చాలావరకు రైల్వే స్టేషన్ చుట్టూనే ఉంటాయి. దానికి కారణముంది. 1860ల నుంచి ఫిలోక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్ తోటల్ని తినేసింది. అక్కడి బోర్దో ప్రాంతపు వైన్ వ్యాపారులు సరుకు కోసం కొండలు దాటి ఇటు వచ్చారు. రైలు ఉంది కాబట్టి పీపాలు ఎక్కించడం తేలికైంది. లోపెస్ దె ఎరేదియా 1877లో, కూనె 1879లో అలా మొదలైన బోదెగాలే. లోపెస్ దె ఎరేదియా వాళ్లు ఇప్పటికీ తమ పీపాలు తామే చేయించుకుంటారు. ఓక్ చెక్కల్ని నిప్పు సెగ మీద వంచి, ఇనుప కట్లు బిగించే వడ్రంగుల పని చూస్తుంటే పూట గడిచింది కూడా తెలియలేదు. సీసా మీద గ్రాన్ రెసెర్వా, అంటే బాగా నిల్వ ఉంచిన వైన్, అని రాసుకోవాలంటే ఎర్ర వైన్ ఐదేళ్లు ఆగాలి, అందులో కనీసం రెండేళ్లు ఓక్ పీపాలోనే ఉండాలి. అది అక్కడి చట్టం.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. మేం వెళ్లింది ఒక టూర్ బృందంతో. తోట దగ్గర ఫొటోల కోసం బస్సు కాసేపు ఆపారు, ఆ తర్వాత సగం రోజు దుకాణంలోనే. తోటలోకి నడుద్దామని అడిగితే టైం లేదన్నారు. ఎంత దూరం నుంచి, ఎంత డబ్బు పోసి వెళ్లాం! చెట్టును చూడకుండా సీసా చూసి రావడానికా?

అందుకే మర్నాడు బృందాన్ని వదిలి, ఒక చిన్న బోదెగా అమ్మాయిని సాయం అడిగి తోటలోకి వెళ్లాను. అది జూలై. ఒక పెద్దాయన పచ్చి గుత్తులు కోసి కింద పడేస్తున్నాడు. నా కడుపులో దేవినట్టయింది. పండబోయే కాయను ఎవరైనా నేలపాలు చేస్తారా? ఆ అమ్మాయి వివరించింది. రియోహాలో ఎర్ర ద్రాక్షకు హెక్టారుకు 6,500 కిలోలే పరిమితి. మన లెక్కలో ఎకరాకు 26 క్వింటాళ్లు. మోతాదు మించితే ఆ పంటకు రియోహా పేరు దక్కదు. గుత్తులు తగ్గితే మిగిలిన వాటికి రసం పడుతుందని ఆ పెద్దాయన అన్నాడు.

మా నాన్న గుర్తొచ్చాడు. హైదరాబాద్ శివార్లలో మాకు అంగూర్ తోట ఉండేది. అనాబ్‌షాహీ. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు లాగి వేసిన పందిరి. ఎకరానికి ఎన్ని టన్నులు దిగిందన్నదే ఊళ్లో మాట, అదే పరువు. కత్తిరింపుల కాలంలో మనుషులు దొరక్కపోతే ఇంటిల్లిపాదీ కత్తెరలు పట్టేవాళ్లం. తర్వాత బోర్లు ఎండాయి. మార్కెట్లో ధర పడిపోయింది. వెంచర్ వాళ్లు వచ్చారు. బాగా కాస్తున్న తీగల్ని జేసీబీతో పెకిలించారు. చుట్టుపక్కల తోటలన్నీ అలాగే పోయాయి. మీలో ఆ పందిళ్ల కింద ఆడుకున్నవాళ్లు ఉన్నారు కదా? చేతులెత్తండి. చూశారా, ఇంతమంది ఉన్నారు.

క్షమించాలి, స్పెయిన్‌కు వస్తాను. ఆ పెద్దాయన మమ్మల్ని తోట చివరికి తీసుకెళ్లాడు. అక్కడ పందిరి లేదు, ఇనుప తీగా లేదు, కడీ లేదు. మోకాలెత్తు పొదలు. మొదలు మెలికలు తిరిగి, నల్లగా, నా తొడంత లావు. వాళ్ల తాత నాటినవట. గర్నాచా రకం. వాటి గుత్తులు కోసి పడేసే పని ఉండదు, అవి కాసేదే కొద్దిగా. వేళ్లు లోతుకు దిగి ఉంటాయి, తన ఆకు నీడ తన మొదలు మీదే పడుతుంది. వాననీటితోనే బతికాయి. అసలు స్పెయిన్‌లో 1996 దాకా ద్రాక్షకు నీళ్లు పెట్టడం మీద సాధారణంగా నిషేధమే ఉండేది.

టైం అయిందని చీటీ వచ్చింది. హెరెస్ గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. అది దక్షిణాన ఉంది. తెల్లటి సుద్ద నేల, ఆల్బరీసా అంటారు. కోత అయ్యాక వరుసల మధ్య గుంటలు తవ్వి శీతాకాలపు వానను నిలుపుతారు. ఆ తేమతోనే వేసవి గడుస్తుంది. మన మెట్ట రైతులు వెళ్లి చూడాల్సిన పని అది. నేల మీదే కట్టిన ఎత్తైన బోదెగాల్లో పీపాలు వరసల మీద వరసలు పేర్చి ఉంటాయి. అడుగు వరస నుంచి కొంత తీసి సీసాల్లో పోస్తారు, ఆ వెలితిని పై వరసతో నింపుతారు, కొత్తది అన్నిటికంటే పైన చేరుతుంది. ఏ పీపానూ పూర్తిగా ఖాళీ చేయరు. మన ఇంట్లో నిన్నటి పెరుగే ఇవాళ్టికి తోడు అయినట్టు పాత వైన్ కొంత ఎప్పుడూ లోపలే ఉంటుంది.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. 2008 నుంచి 2011 దాకా, వైన్ మిగిలిపోతోందని, తోటలు పీకేసుకున్న రైతులకు యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చింది. ఆ పథకంలో ఎక్కువ తోటలు పోయింది స్పెయిన్‌లోనే, అందులోనూ కస్తీయా-లా మాంచా అనే ప్రాంతంలో. దిగుబడి తక్కువ, కోత యంత్రానికి అందదు, ఇలాంటి ముసలి పొదల తోట మీద రైతుకు ఏం మిగులుతుంది చెప్పండి? ముసలి పొదల ద్రాక్షకు మంచి ధర పెట్టేవాడు ఉంటేనే అవి నిలుస్తాయి.

మీలో స్పెయిన్ వెళ్లేవాళ్లుంటే, దయచేసి దుకాణం టూర్లు వద్దు. చిన్న బోదెగాకు ముందుగా మెయిల్ రాసి, తోట నడక కావాలని అడగండి. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వెళితే కోత చూడొచ్చు. ఈ తీగ వయసెంత, రైతుకు కిలోకు ఎంత ఇస్తున్నారు అని అడగండి. సహకార సంఘాల బోదెగాలకు కూడా వెళ్లండి, ఆ దేశపు వైన్‌లో ఎక్కువ భాగం అక్కడే తయారవుతుంది. రుచి చూసే చోట ఉమ్మడానికి పాత్ర పెడతారు, మింగాలని ఎవరూ బలవంతపెట్టరు. కారు నడిపేవాళ్లు అసలే ముట్టుకోవద్దు. ఆరోలో స్టేషన్ దగ్గరి బోదెగాలకు నడిచే వెళ్లొచ్చు. వివరాలు కావలసినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి, రాసిస్తాను. నమస్కారం.