బ్యాలెట్‌లో ఏడు సవరణలు, పార్టీ కమిటీలో రెండు గంటలు

[ఓపెనింగ్: వంటింటి బల్ల మీద విప్పి పెట్టిన బ్యాలెట్, పక్కన నల్ల పెన్ను, చల్లారిపోయిన కాఫీ]

నమస్తే అండి. 2020 అక్టోబరు. సియాటిల్ చుట్టుపక్కల ఓటున్న మనవాళ్ల ఇళ్లకి పోస్టులో బ్యాలెట్లు వచ్చాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో క్యూలో నిలబడే పని లేదు. ఇంట్లో కూర్చుని గడులు నింపి, కవర్ మీద సంతకం పెట్టి, డ్రాప్ బాక్స్‌లో వేసేస్తే అయిపోయింది. పోస్టులో వేసినా స్టాంపు అక్కర్లేదు.

ప్రెసిడెంట్ ఎవరు? అందరికీ తెలుసు ఎవరికి వేయాలో. గవర్నర్? అదీ తెలుసు. ఆ తర్వాత చేతిలో పెన్ను ఆగిపోయేది ఇక్కడ.

[స్క్రీన్ మీద: కింగ్ కౌంటీ చార్టర్ సవరణ 1, 2, 3, 4, 5, 6, 7]

ఒకటి కాదు, రెండు కాదు, ఏడు. ఇవి కాక హార్బర్‌వ్యూ ఆస్పత్రి కోసం అప్పు తెచ్చుకోవాలా అని అడిగే బాండ్ వేరే. వీటి పక్కన పార్టీ పేరు ఉండదు, గుర్తు ఉండదు. ఒప్పుకుంటారా, తిరస్కరిస్తారా, అంతే. మరి జనం ఎలా తేల్చుకుంటారు? చాలామంది వాళ్ల పార్టీ వాళ్లు పంచిన చీటీ చూసి తేల్చుకుంటారు. ఆ చీటీ ఎక్కడ తయారవుతుందో ఈ వీడియోలో చూద్దాం.

ముందు చార్టర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. వాషింగ్టన్‌లో 39 కౌంటీలు ఉంటే, సొంతంగా చార్టర్ రాసుకున్నవి ఏడే. చార్టర్ అంటే ఆ కౌంటీకి చిన్నపాటి రాజ్యాంగం. కౌన్సిల్లో ఎంతమంది ఉండాలి, ఎవరిని ఎన్నుకోవాలి, ఎవరిని నియమించాలి, అన్నీ అందులోనే. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ చార్టర్ 1969లో అమల్లోకి వచ్చింది. కనీసం పదేళ్లకోసారి ఒక కమిషన్ కూర్చుని దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి ఇది మార్చండి, అది తీసేయండి అని సలహా ఇస్తుంది. కౌన్సిల్ ఆమోదిస్తే ఓటర్ల ముందుకు వస్తుంది. ఓట్లలో సగం దాటితే చాలు, మారిపోతుంది.

ఇప్పుడు కమిటీ సంగతి. అమెరికాలో పార్టీకి అన్నిటికంటే కింది మెట్టు పి.సి.ఓ., అంటే ప్రిసింక్ట్ కమిటీ ఆఫీసర్. ప్రిసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది. పేరు చూసి భయపడకండి, జీతం లేదు, ఆఫీసు లేదు. మన దగ్గర బూత్ స్థాయి కార్యకర్త ఎలాగో అలాగ, కాకపోతే ఈయన్ని ఓటర్లే ఎన్నుకోవచ్చు. సరిసంఖ్య సంవత్సరాల్లో ఆగస్టు ప్రైమరీలో, అంటే నవంబరుకి ముందు జరిగే తొలి విడత ఎన్నికలో, ఒకరికంటే ఎక్కువమంది పోటీకి దిగితేనే పేర్లు బ్యాలెట్ మీదికి వస్తాయి. ఖాళీగా ఉన్న ప్రిసింక్ట్‌లు బోలెడు. అడిగినవాళ్లకి ఇచ్చేస్తారు.

నాకు తెలిసిన ఒకాయన అలాగే అయ్యాడు. సొంతూరు గుంటూరు, ఇరవై ఏళ్ల నుంచి సియాటిల్ దగ్గర సమామిష్ అనే ఊళ్లో ఉంటున్నాడు. నేను అన్నా అనే పిలుస్తాను. ఆయనే ఆ అక్టోబరుకి ముందు నాకొక జూమ్ లింక్ పంపి, "ఒకసారి వచ్చి చూడరా, నీకే తెలుస్తుంది" అన్నాడు. లెజిస్లేటివ్ డిస్ట్రిక్ట్, అంటే మన అసెంబ్లీ నియోజకవర్గం లాంటి దాని డెమొక్రాట్ల మీటింగ్. ఏ డిస్ట్రిక్టో చెప్పను, వాళ్లకి ఇబ్బంది. కోవిడ్ రోజులు కాబట్టి లైబ్రరీ హాలు లేదు, పిజ్జా లేదు. నలభై చిన్న గడుల్లో నలభై మొహాలు. ఒకావిడ మ్యూట్ తీయకుండా మూడు నిమిషాలు ఆవేశంగా మాట్లాడింది.

[స్క్రీన్ మీద: గడుల్లో మొహాలు, ఒక మూలన టైమర్]

పద్ధతి మాత్రం గట్టిగా ఉంటుంది. ఒక్కో సవరణకి అనుకూలంగా ఇద్దరు, వ్యతిరేకంగా ఇద్దరు, తలా ఒక నిమిషం. టైమర్ పట్టుకున్న కుర్రాడు చెయ్యి ఊపితే ఎంత పెద్దమనిషైనా ఆపాల్సిందే. తర్వాత ఓటింగ్. సభ్యులే ఓటేస్తారు, నాలాంటి వాళ్లు చూస్తారు. ఆ కమిటీ బైలాస్, అంటే సొంత నియమాల ప్రకారం సమర్థన దక్కాలంటే వందకి అరవై రావాలి. ఈ అరవై అంకె గుర్తుపెట్టుకోండి.

అధ్యక్షురాలు తెలివైనావిడ. 1, 2, 3, 4, 7, ఈ అయిదింటినీ ఒకే మూటగా కట్టి పాస్ చేద్దామంది. గొడవలేని సరుకని ఆవిడ లెక్క. 1 ఏమిటంటే, పోలీసుల చర్య వల్ల గానీ, కౌంటీ జైల్లో గానీ ఎవరైనా చనిపోతే జరిగే విచారణలో ఆ కుటుంబానికి కౌంటీయే లాయర్ని ఇవ్వడం. 2 కౌంటీ స్థలాలని మార్కెట్ ధర కంటే తక్కువకి, సామాన్యుల ఇళ్ల కోసం ఇవ్వడం. 4 షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధిపతి, ఆఫీసు మీద నిఘా ఉంచే సంస్థకి సమన్లు ఇచ్చే అధికారం. 7 వివక్ష నిషేధం జాబితాలో ఇంట్లోవాళ్లని చూసుకునే కేర్‌గివర్లని, సైన్యంలో పనిచేసినవాళ్లని చేర్చడం.

ఒక చెయ్యి లేచింది. మా అన్నదే. మూడోదాన్ని మూటలోంచి తీసి విడిగా మాట్లాడాలన్నాడు.

మూడో సవరణ వినడానికి చాలా చిన్నది. చార్టర్‌లో "సిటిజన్" అన్న మాట తీసేసి, కొన్నిచోట్ల "రెసిడెంట్", "పబ్లిక్" లాంటి మాటలు పెట్టడం. ఎవరికీ కొత్తగా ఓటు హక్కు రాదు. ఆ పుకారు అప్పట్లో మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. అయినా విడిగా మాట్లాడాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. ఎందుకంటే, ఆయనకి గ్రీన్ కార్డ్ వచ్చి సిటిజన్ అయ్యేసరికి పద్నాలుగేళ్లు పట్టింది. ఆ పద్నాలుగేళ్లూ ఇంటి పన్ను కట్టాడు, స్కూల్లో వాలంటీర్‌గా చేశాడు. "కౌంటీ కాగితాల్లో సిటిజన్ అని ఉన్న ప్రతిచోటా నేను లేనని అర్థం. ఇది ఊరికే మూటలో కలిపి పాస్ చేసేది కాదు, కాస్త చెప్పుకుని పాస్ చేయాలి" అన్నాడు, ఇంగ్లీషులోనే అనుకోండి. టైమర్ కుర్రాడు చెయ్యి ఊపాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. అది పాసైంది.

ఇక అసలు గొడవ. 5, 6.

[స్క్రీన్ మీద: షెరీఫ్‌ని ఎన్నుకోవాలా? నియమించాలా?]

మన జిల్లా ఎస్పీని ఎవరైనా ఎన్నుకుంటారా? ప్రశ్నే వింతగా ఉంటుంది. అమెరికాలో షెరీఫ్‌కి ఓట్లేసి గెలిపించడం మామూలు. కింగ్ కౌంటీ మాత్రం ఈ విషయంలో మనసు మార్చుకుంటూనే వచ్చింది. 1969 చార్టర్‌తో నియామకం. 1996లో ఓటర్లు దాన్ని మళ్లీ ఎన్నిక చేశారు. 2020లో అయిదో సవరణ, తిరిగి నియామకానికి వెళ్దామని. ఆరోది దానికి జోడు: షెరీఫ్ శాఖ ఏ పనులు చేయాలో, ఏవి వేరేవాళ్లకి అప్పగించాలో కౌన్సిల్ చట్టం చేసుకోవచ్చని. అంటే మానసిక సమస్యతో ఉన్న మనిషి ఇంటికి తుపాకీతోనే వెళ్లాలా అన్న ప్రశ్నకి తలుపు తెరవడం. పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయిన ఏడాది అది. గాలి ఎటు వీస్తోందో మీకు తెలుసు.

అనుకూలంగా మాట్లాడినవాళ్ల వాదన సూటిగా ఉంది. ఎన్నికైన షెరీఫ్ తప్పు చేస్తే నాలుగేళ్లు ఆగాలి, నియమించినవాళ్లనైతే తీసేయొచ్చు. ఎన్నికలో నిలబడేవాళ్లు ఎక్కువగా ఆ శాఖలోంచే వస్తారు, నియామకమైతే దేశమంతా వెతకొచ్చు.

వ్యతిరేకించినవాళ్లని తేలిగ్గా తీసేయడానికి లేదు. ఒకాయన ఏ సిటీలోనూ కలవని ప్రాంతంలో ఉంటాడు, చుట్టూ చెట్లు, ఆయనకి పోలీసంటే షెరీఫ్ ఒక్కడే. సియాటిల్‌కి సొంత పోలీసులు ఉన్నారు, బెల్వ్యూకి ఉన్నారు. కౌంటీ జనాభాలో దాదాపు మూడో వంతు సియాటిల్ వాళ్లే. వాళ్లకి షెరీఫ్ రాడు, కానీ మా షెరీఫ్‌ని మేం ఎన్నుకోవాలా వద్దా అన్నది తేల్చేది వాళ్ల ఓట్లు, ఇదెక్కడి న్యాయం అన్నాడు. ఉన్న ఓటు హక్కుని ఓటుతోనే పోగొట్టుకోమంటున్నారు అని ఇంకొకావిడ.

నాకు అక్కడే బుర్ర వెలిగింది. సమామిష్‌లో కారు మీద "సమామిష్ పోలీస్" అని రాసి ఉంటుంది. లోపల కూర్చున్న మనిషి కింగ్ కౌంటీ షెరీఫ్ డిప్యూటీ. సిటీ వాళ్లు కౌంటీకి డబ్బు కట్టి కాంట్రాక్టు మీద తెచ్చుకున్న పోలీసులు. బ్యూరియన్, షోర్‌లైన్, వుడిన్‌విల్ కూడా అంతే. మన తెలుగువాళ్లు అంతమంది ఉన్న ఊళ్లో, స్పీడింగ్ టికెట్ రాసేదెవరో కూడా తెలియకుండా అయిదో గడి నింపేశాం.

ఓటింగ్ అయింది. సగం దాటింది గానీ అరవై రాలేదు. సమర్థన లేదు, వ్యతిరేకత లేదు, "నో పొజిషన్". ఆరోది మాత్రం గట్టెక్కింది.

నవంబరులో కౌంటీ ఫలితాలు వచ్చాయి. ఏడూ గెలిచాయి. అయిదోదానికి వచ్చింది సుమారు 56 శాతం. మా అన్న కమిటీలో పాసవడానికి చాలని అంకె, చార్టర్ మార్చడానికి చాలింది. 2022 నుంచి కింగ్ కౌంటీలో షెరీఫ్‌ది నియామకమే. అప్పటి ఎగ్జిక్యూటివ్, అంటే కౌంటీ పాలన నడిపే ఎన్నికైన నాయకుడు, డౌ కాన్‌స్టాంటైన్ ప్యాటీ కోల్-టిండాల్‌ని ఎంపిక చేస్తే కౌన్సిల్ ఖరారు చేసింది.

ఇక్కడొక తమాషా ఉంది. 2008లోనే కింగ్ కౌంటీ ఓటర్లు ఇంకో చార్టర్ సవరణతో ఎగ్జిక్యూటివ్, కౌన్సిల్ పదవులకి పార్టీ పేర్లు తీసేశారు. పార్టీలని గుమ్మం బయట పెట్టామనుకున్నారు. బ్యాలెట్ మీద పార్టీ గుర్తు లేకపోయేసరికి, ఎవరు మనవాడో తెలుసుకోవడానికి జనం పార్టీ చీటీ కోసం ఇంకా ఎక్కువ వెతకడం మొదలుపెట్టారు. ముందు గుమ్మంలోంచి పంపిస్తే పెరటి దారిన వచ్చింది. నా లెక్కలో ఇది పూర్తిగా చెడ్డదేం కాదు. ఆ నలభైమంది రెండు గంటలు కూర్చుని చదివారు, వాదించుకున్నారు. మనం గడి నింపడానికి అయిదు సెకన్లు పెట్టాం.

కౌంటీ ఇంటికి పంపే ఓటర్స్ పాంఫ్లెట్ ఉంది కదా అంటారా? ఉంది, చదవండి. అందులో అనుకూల, ప్రతికూల వాదనలు ఎదురెదురుగా ఉంటాయి. కాకపోతే వ్యతిరేకంగా రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ భాగం ఖాళీ. ఖాళీ ఉందంటే అభ్యంతరమే లేదని కాదు, రాసే ఓపిక ఎవరికీ లేదని కూడా కావచ్చు. అది తెలుగులోనూ రాదు.

2022లో మళ్లీ ఇంకో సవరణ వచ్చింది, కౌంటీ ఎన్నికల్ని బేసి సంవత్సరాల నుంచి సరి సంవత్సరాలకి మార్చమని. 2021లో ఓటేసినవాళ్లు సగం కూడా లేరు మరి. అది దాదాపు 69 శాతంతో గెలిచింది. అందుకే 2025లో ఎన్నికైన ఎగ్జిక్యూటివ్‌కి మూడేళ్లే, మళ్లీ ఎన్నిక 2028లో.

[చివరి షాట్: ఒక ఇంటి గుమ్మం, చేతిలో పసుపు రంగు చీటీ]

ఆ అక్టోబరులో మా అన్న మాస్కు కట్టుకుని తన ప్రిసింక్ట్‌లో ఇంటింటికీ తిరిగి చీటీలు పెట్టాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. 1 ఎదురుగా టిక్కు, 2, 3, 4, అన్నిటికీ టిక్కు. 5 ఎదురుగా ఖాళీ. ఇదేంటన్నా, నువ్వేం వేశావు అని అడిగాను.

"ఆ మీటింగ్‌లో రెండువైపులా నువ్వూ విన్నావుగా" అని పక్కింటి మెట్లెక్కాడు.