సంచి మీది పేరు, పలక మీది చుక్క

శ్రోతలకు నమస్కారం.

బడి గోడల పక్కన, ఆఫీసు ప్రహరీల వెంట నిటారుగా పెరిగి, అంచులు అలలు తిరిగిన ఆకులు కిందికి వేలాడే చెట్లు చూసే ఉంటారు. ఏం చెట్టండీ అంటే ఎవరైనా అశోక చెట్టనే చెబుతారు. నిజానికి అది నరమామిడి. సీతమ్మవారు కూర్చున్న అశోకం వేరు. అది గుబురుగా పెరుగుతుంది, నారింజ రంగు గుత్తులు పూస్తుంది, ఆ పూలు రానురాను ఎర్రబడతాయి. అశోకం చింతకు చుట్టం, నరమామిడి సీతాఫలానికి చుట్టం. వాటిలో వాటికి మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

దారిన పోయేవాళ్లు పొరబడితే నష్టమేమీ లేదు. కానీ అశోకారిష్టం అనే ఆయుర్వేద మందులో పడేది బెరడు. ఎండబెట్టి ముక్కలు కొట్టాక పువ్వూ ఉండదు, ఆకూ ఉండదు. అసలు అశోకం అడవుల్లో తగ్గిపోయింది, నరమామిడేమో వీధివీధికీ ఉంది. ఇక సంచిలోకి ఏది చేరుతుందో వేరే చెప్పాలా?

అలాంటి సంచి, మూలికలను పరీక్షించే మా ల్యాబ్‌కి వస్తే, బెరడు పొడిని మిథనాల్‌లో నానబెట్టి వడకడతాం. ఆ సారాన్ని సన్నటి గాజు గొట్టంతో, సిలికా పూత పూసిన పలక అడుగున చుక్క పెడతాం. దాని పక్కనే, అశోకమేనని ముందే రూఢి చేసుకున్న బెరడు చుక్క ఇంకొకటి. పలకను ద్రావకం పోసిన గాజు తొట్టిలో నిలబెట్టి మూత పెడతాం. చుక్కలు మాత్రం ద్రావకానికి పైనే ఉండాలి. కొత్తలో నేను ఎక్కువ పోసి చుక్కల్ని ముంచేసి, చీవాట్లు తిన్నాను.

చిన్నప్పుడు సుద్దముక్క మీద నల్ల స్కెచ్‌పెన్‌తో గీత గీసి నీళ్లలో నిలబెట్టారా? నలుపు రకరకాల రంగులుగా విడిపోతూ పైకి పాకుతుంది. ఇదీ అంతే. వందేళ్ల కిందట ఈ కిటుకు కనిపెట్టిన రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ కూడా ఆకుల రసాన్ని సుద్దపొడి నింపిన గొట్టంలో పోసే రంగులు విడదీశాడు. తమాషా ఏమిటంటే, రష్యన్‌లో ఆయన ఇంటిపేరుకు అర్థం 'రంగు'!

పలక ఆరాక చీకటి పెట్టెలో అతినీలలోహిత దీపం కింద పెడితే, ఏమీ లేనట్టున్న చోట చుక్కల బారు మెరుస్తుంది. రెండు బారుల్లోనూ చుక్కలు ఒకే ఎత్తున, ఒకే రంగున ఉంటే సరుకు మంచిదే. అనుమానముంటే డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం చల్లుతాం. నరమామిడిలో ఆల్కలాయిడ్లు, అంటే నత్రజని ఉండే ఒక రకం మొక్కల రసాయనాలు, ఉంటాయి కాబట్టి నారింజ చుక్కలు బయటపడతాయి.

పేరుతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో 1990ల మొదట్లో బ్రస్సెల్స్ చూసింది. బరువు తగ్గించే మందులో స్టెఫానియా వేరు పడాల్సింది, అరిస్టోలోకియా వేరు పడింది. చైనాలో రెంటినీ 'ఫాంగ్ జి' అనే అంటారు. వందమందికి పైగా ఆడవాళ్ల మూత్రపిండాలు పాడయ్యాయి. మన నల్ల ఈశ్వరి తీగదీ ఆ అరిస్టోలోకియా జాతే, దాని వేరులోనూ ఆ విషం ఉంది.

జాతి సరిపోయినా పని అయిపోదు. పొడిని కాల్చి, బూడిదను ఆమ్లంలో మరిగిస్తే కరగకుండా మిగిలేది ఎక్కువగా ఇసుకే. సీసం కూడా చూడాలి, పది లక్షల భాగాల్లో 10 దాటకూడదు.

మోసం చేసేవాళ్లూ చదువుకున్నవాళ్లే. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ శాతం చూసి పసుపు సారానికి ధర కట్టడం మొదలయ్యాక, ఫ్యాక్టరీలో చేసిన కర్క్యుమిన్ అందులోకి చేరింది. పసుపుకొమ్ములో కర్క్యుమిన్‌కు ఇద్దరు తోబుట్టువులుంటారు, అందుకే పలక మీద మూడు పసుపు చుక్కలు లేస్తాయి. ఫ్యాక్టరీ సరుకుకు ఒకటే. అది తెలిసినవాడు కొంచెం అసలు సారం కలిపి మూడు చుక్కలూ చూపించేస్తాడు. అప్పుడు చూడాల్సింది కార్బన్-14, అంటే గాలిలో కొద్దిగా ఉండి, కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కార్బన్. నిరుడు దుగ్గిరాల చేలో గాలి పీల్చి పెరిగిన కొమ్ములో అది ఉంటుంది. కోట్ల ఏళ్లు భూమిలో మగ్గిన పెట్రోలియం నుంచి వచ్చిన కర్క్యుమిన్‌లో అది ఎప్పుడో హరించుకుపోయి ఉంటుంది.

నమస్కారం.