క్రెడిట్లు కాదు, గొలుసు చూడండి: హైస్కూల్లోనే మెకానికల్ ఇంజినీరింగ్ మొదలుపెట్టేవారికి

అందరికీ నమస్కారం.

మన దగ్గర పాలిటెక్నిక్ పూర్తిచేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. ఇక్కడ టెక్సాస్‌లో డ్యూయల్ క్రెడిట్, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చదవడం, కూడా అలాంటిదేనని అనుకునే తల్లిదండ్రులున్నారు. కాదండీ. ఏడాది మొత్తం ఒక్కసారిగా మాఫీ కాదు. యూనివర్సిటీ ఒక్కో కోర్సునూ విడిగా చూసి, తన డిగ్రీ ప్లాన్‌లో దానికి చోటుందో లేదో తేలుస్తుంది.

మెకానికల్‌లో కోర్సులన్నీ ఒక గొలుసు. కాల్‌క్యులస్ రాకుండా ఫిజిక్స్ లేదు. ఆ రెండూ లేకుండా స్టాటిక్స్, అంటే కదలని వస్తువుల మీద బలాల లెక్క, లేదు. స్టాటిక్స్ అయ్యాకే డైనమిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్. ఆ తర్వాతే మెషీన్ డిజైన్. ఇంగ్లిష్, హిస్టరీ, గవర్నమెంట్ ముందే చదివేస్తే ఫీజు మిగులుతుంది, సెమిస్టర్లు తేలికపడతాయి. కానీ వాటితోనే నాలుగేళ్లు మూడు కావు. గొలుసు పొడవు అంతే ఉంటుంది కదా!

ఈ కోర్సులు నడిపే ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల స్థానిక కాలేజీలు) కోర్సు నంబర్లు చదవడం నేర్చుకోండి. మ్యాథ్ 2413 అంటే కాల్‌క్యులస్ వన్. మొదటి 2 రెండో ఏడాది స్థాయి, పక్కనున్న 4 క్రెడిట్లు. ఫిజిక్స్ 2425 కాల్‌క్యులస్‌తో నడుస్తుంది, ఇంజినీరింగ్‌కు కావలసింది అదే. ఫిజిక్స్ 1401 ఆల్జీబ్రాతో సరిపెడుతుంది. సీటుందని 1401లో చేరి ఏ గ్రేడు తెచ్చుకున్నా, తర్వాత 2425 చదవక తప్పదు. మ్యాథ్ 1314, అంటే కాలేజ్ ఆల్జీబ్రా సంగతీ అంతే.

పదో తరగతిలో ప్రీకాల్‌క్యులస్ అయిపోతే, పదకొండులో మ్యాథ్ 2413, దాని తర్వాతి భాగం 2414. పన్నెండులో ఫిజిక్స్ 2425, దాని తర్వాతి భాగం 2426. ఇంతవరకు చాలు. స్టాటిక్స్ కూడా కానిచ్చేద్దామంటారు కొందరు. వేసవిలో అయిదు వారాలకు కుదించిన కోర్సులో అయితే వద్దనే అంటాను. గోడకు ఆనించిన నిచ్చెన ఉందనుకోండి. గోడ నున్ననిదైతే నిచ్చెనను తనకు లంబంగా మాత్రమే నెడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు బొమ్మలో ఆ బలాన్ని చూపే బాణాన్ని నిచ్చెన వెంబడి గీస్తారు. ఇక సమీకరణాలు ఎంత శుభ్రంగా సాధించినా జవాబు తప్పే. పక్కన కూర్చుని ఆ బొమ్మ దిద్దేవాళ్లు కావాలి, దిద్దించుకునే తీరికా కావాలి.

కాలేజీ గ్రేడు చెరగదు. నాలుగు క్రెడిట్ల కోర్సుకు క్లాసు కాక వారానికి ఎనిమిది గంటలు పక్కన పెట్టుకోవాలి. మామూలు సెమిస్టర్‌లో క్లాసులు మొదలయ్యాక పన్నెండో పనిదినం లోపు కోర్సు వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (గ్రేడ్ల రికార్డులో) జాడ ఉండదు. ఆ తర్వాత డబ్ల్యూ, అంటే మధ్యలో మానేసిన గుర్తు, పడుతుంది. పిల్లవాడికి పదిహేనేళ్లే అయినా, విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం ఆ కాలేజీ రికార్డు మీద హక్కు అతనిదే. మార్కులేమయ్యాయని మీరు ఫోన్ చేస్తే ప్రొఫెసర్ చెప్పకపోవచ్చు. మెయిల్ రాయాల్సింది పిల్లలే.

చివర్లో మరిచిపోయేది ఒకటుంది. హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో గ్రేడు కనిపించినంత మాత్రాన క్రెడిట్ రాదు. కమ్యూనిటీ కాలేజీ నుంచి అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ చేరబోయే యూనివర్సిటీకి విడిగా పంపించాలి, అదీ ఆఖరి గ్రేడ్లు ఎక్కిన తర్వాతే.